నాన్న కొనిచ్చిన పుస్తకాలు

పిల్లవాడు క్లాసు పుస్తకం పక్కన పెట్టి వేరే పుస్తకం పట్టుకుంటే మనలో చాలామందికి కంగారు. రాంజీ సక్పాల్ గారికీ ఆ కంగారు ఉండేది. అయినా కొడుకు పుస్తకం అడిగితే ఆయన ఎప్పుడూ లేదనలేదు. ఆ కొడుకే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్.

సైన్యంలో సుబేదారుగా రిటైరైన రాంజీ, బొంబాయి పరేల్‌లో కార్మికులుండే చోట ఒకే గదిలో కుటుంబంతో ఉండేవారు. రాత్రి రెండింటిదాకా తాను మేలుకుని, అబ్బాయిని చదువుకు లేపి, అప్పుడు పడుకునేవారు. పుస్తకానికి డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల ఇంటికి వెళ్లేవారు. వాళ్ల దగ్గరా లేకపోతే నగ అడిగి తీసుకుని కుదువపెట్టేవారు. పెన్షన్ రాగానే విడిపించి తిరిగి ఇచ్చేవారు.

బడిలో మాత్రం అంటరానితనం. చిన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవాల్సి వచ్చేది. పుస్తకం ముందు ఆ గీతలేవీ లేవు. సాయంత్రాలు పార్కులో చదువుకుంటున్న ఆ అబ్బాయిని కేళూస్కర్ అనే ఉపాధ్యాయుడు గమనించారు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్రను కానుకగా ఇచ్చారు.

1913 ఫిబ్రవరిలో రాంజీ కన్నుమూశారు. అదే ఏడాది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. లెక్క చూసి ఖర్చుపెడుతూ, పాత పుస్తకాల దుకాణాలు తిరిగి సుమారు 2,000 పుస్తకాలు పోగుచేశారు. 1917లో ఆయన స్వదేశానికి తిరిగి వస్తుంటే సామాను వేరే ఓడలో వేశారు. ప్రపంచయుద్ధంలో ఆ ఓడ మునిగింది. ఏళ్ల తరబడి కొన్నవి సముద్రం పాలయ్యాయి.

ఆయన మళ్లీ మొదలుపెట్టారు. 1920లో లండన్ తిరిగి వెళ్లి, బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో తెరిచినప్పటి నుంచి మూసేదాకా కూర్చుని చదివారు. 1930లలో దాదర్‌లో 'రాజగృహ' కట్టించుకున్నప్పుడు, ఇంట్లో పుస్తకాలకే పెద్ద చోటు కేటాయించారు. తర్వాత వాటిలో చాలావరకు, 1946లో ఆయన సంస్థ ప్రారంభించిన సిద్ధార్థ కళాశాలకు చేరాయి. తన చదువు కోసం కొన్నవి ఎందరో విద్యార్థుల చేతికి వచ్చాయి.

1956 డిసెంబర్ 6న ఆయన కన్నుమూసేనాటికి రాంజీ పోయి 43 ఏళ్లు. కొడుకు రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడవడం ఆ తండ్రి చూడలేదు. ఆయన చూసింది, అర్ధరాత్రి దీపం ముందు పుస్తకంతో కూర్చున్న పిల్లవాణ్ణే. ఆ దృశ్యం చాలనుకున్నారు.

ఈ నెల మీ పిల్లలు మార్కులతో సంబంధం లేని పుస్తకం ఏదైనా అడిగితే, కాదనేముందు రాంజీ గారిని ఒక్కసారి తలచుకోండి.