దూడ బరువులో తల్లి మాట: సర్ జాన్ హామండ్

రుసైల్‌లో మా తెలుగువాళ్లలో ఎవరింట్లో పురుడు జరిగినా మొదటి ప్రశ్న బిడ్డ బరువెంత అనే. ఎక్కువుంటే తండ్రి పోలిక అంటారు, తక్కువుంటే తల్లి సరిగా తినలేదంటారు. సైన్స్ చదివినదాన్ని కాబట్టి ఆ మాట విన్నప్పుడల్లా నాకు సర్ జాన్ హామండ్ గుర్తొస్తారు. పుట్టినప్పటి బరువులో తల్లి పాత్ర ఎంతో పశువుల్లో తూచి చూపించిన మనిషి ఆయన.

హామండ్ 1889లో ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్‌లో రైతు కుటుంబంలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, మళ్లీ కేంబ్రిడ్జికే వచ్చి పశువుల పునరుత్పత్తి, ఎదుగుదల మీద పరిశోధన చేశారు. బ్రిటన్‌లో పశువులకు కృత్రిమ గర్భధారణ రావడంలో ఆయన కృషి చాలా ఉంది.

1938లో ఆర్థర్ వాల్టన్‌తో కలిసి ఆయన ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధం. బరువులు లాగే భారీ షైర్ గుర్రాలనూ, పొట్టి షెట్లండ్ గుర్రాలనూ కృత్రిమ గర్భధారణతో రెండు వైపులా సంకరం చేశారు. ఎటు చూసినా పిల్లలకు చెరి సగం జన్యువులే. అయినా షైర్ తల్లికి పుట్టిన పిల్ల, షెట్లండ్ తల్లికి పుట్టినదానికి సుమారు మూడు రెట్లు తూగింది. చిన్న తల్లి గర్భం పిల్ల బరువును అదుపులో ఉంచిందన్నమాట. 1958లో జుబర్ట్‌తో కలిసి పెద్ద సౌత్ డెవన్, పొట్టి డెక్స్‌టర్ పశువుల్లోనూ ఈ తల్లి ప్రభావాన్ని చూపించారు.

అలాగని తండ్రి జన్యువులకు విలువ లేదని కాదు. మన ఒంగోలు రక్తం కూడా కలిసిన అమెరికా బ్రాహ్మణ్ జాతే ఇందుకు ఉదాహరణ. బ్రాహ్మణ్ ఆబోతును ఐరోపా జాతి ఆవుతో దాటిస్తే దూడ బాగా బరువుగా పుడుతుంది, ఈనడం కష్టమవుతుంది. అదే బ్రాహ్మణ్ ఆవుకు ఐరోపా ఆబోతును దాటిస్తే దూడ తేలిగ్గా పుడుతుంది. అందుకే మాంసం పశువులు పెంచేవాళ్లు తొలిచూలు పెయ్యలకు, తక్కువ బరువు దూడలనిచ్చే ఆబోతులను ఏరి వాడతారు.

హామండ్‌కు 1960లో సర్ బిరుదు వచ్చింది. 1964లో కన్నుమూశారు.

ఊళ్లో మనవాళ్లకు ఆవులుంటే ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి. చిన్న నాటు ఆవుకో, తొలిచూలు పెయ్యకో సూది వేయించేటప్పుడు పాల లెక్క ఒక్కటే చూడకుండా, ఆ ఆబోతు దూడలు ఎంత బరువుతో పుడుతున్నాయో పశువుల డాక్టరును అడగమనండి. దూడ మరీ పెద్దదై ఈనలేకపోతే ఆవుకూ, దూడకూ కూడా ప్రాణం మీదికొస్తుంది.