మన్రో దొర - రైతువారీ పునరుద్ధరణము

సోగత్తూరు మొదలగు ధర్మపురి ప్రాంతపు పల్లెలు 1792లో టిప్పు సుల్తానునుండి కుంపిణీకి సంక్రమించిన బారామహలులోనివి. రీడు దొర క్రింద ధర్మపురిలో నివసించి, థామస్ మన్రో శిస్తు వ్యవహారము నేర్చినది అప్పుడే. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములలో రైతులతోనే నేరుగా శిస్తు నిర్ణయించెను. ఆయన సీమకుఁ బోయిన పిదప సర్కారువారు గ్రామములను గుత్తకిచ్చిరి. గుత్తదారులు పెక్కండ్రు చెడిరి, రైతులు నలిగిరి. 1820లో గవర్నరై వచ్చిన మన్రో రైతువారీని పునరుద్ధరించెను. అంతియకాదు, శిస్తు భారమని తాను 1807లోనే వ్రాసియుండెను గనుక, దత్తమండలములలో మెట్టకును మాగాణికిని నాలవవంతు తగ్గించెను. ఈ తగ్గింపే లేనిచో ఆ పునరుద్ధరణము పేరునకు మాత్రమే యయ్యెడిదని మా యభిప్రాయము. పదవి విడువఁబోవుచు దత్తమండలములను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచిచేఁ గన్నుమూసెను.