తుంటి కీలుకు కొత్త దారి చూపిన జాన్ చార్న్లీ
(ఆగస్టు 29 జయంతి సందర్భంగా)

బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు, మారతహళ్ళి వైపు అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పూట కాసేపు నడిస్తే తెలుగు మాటలు చెవిన పడకుండా ఉండవు. ఐటీ ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి రాయలసీమ నుంచి, కోస్తా నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరు కర్ర పట్టుకుని కుంటుతూ నడుస్తుంటారు. మొదట గజ్జల్లో నొప్పి మొదలవుతుంది, అది మోకాలి దాకా పాకుతుంది, ఆఖరికి రాత్రి పక్క మీద తిరగడం కూడా కష్టమవుతుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు తుంటి కీలు అరిగిపోయిందని, మార్చాలని చెప్పగానే ఇంట్లో ప్రశ్నలు మొదలవుతాయి. ఏ డాక్టరు దగ్గర చేయించాలి? ముందు వైపు నుంచి కోస్తే మంచిదా, వెనక నుంచా? ఏ రకం కీలు వేయించాలి? ఎన్నేళ్ళు పనిచేస్తుంది?

ఈ ప్రశ్నలకు ఈ రోజు జవాబులు దొరుకుతున్నాయంటే అందుకు ముఖ్య కారణం ఇంగ్లండుకు చెందిన శస్త్రవైద్యుడు సర్ జాన్ చార్న్లీ. ప్రపంచవ్యాప్తంగా ఏటా పది లక్షలకు పైగా జరుగుతున్న ఈ ఆపరేషన్‌కు పునాది వేసింది ఆయనే. ఆయన జీవితం తెలుసుకుంటే మంచి సర్జన్‌ను ఎలా గుర్తుపట్టాలో కూడా తెలుస్తుంది.

మందుల షాపు ఇంట్లో పుట్టి

చార్న్లీ 1911 ఆగస్టు 29న లాంకషైర్‌లోని బరీ పట్టణంలో పుట్టారు. తండ్రికి మందుల షాపు ఉండేది. తల్లి నర్సు. ఊళ్ళోనే గ్రామర్ స్కూల్లో చదివి, మాంచెస్టర్‌లో వైద్యవిద్యలో చేరారు. 1935లో డాక్టరయ్యారు. మరుసటి ఏడాదే, పాతికేళ్ళ వయసులో, శస్త్రవైద్యుల రాయల్ కాలేజీ ఫెలోషిప్ సంపాదించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్య విభాగంలో చేరారు. డంకర్క్ నుంచి సైన్యాన్ని తరలించినప్పుడు పనిచేశారు. తర్వాత ఈజిప్టుకు పంపారు. అక్కడ విరిగిన కాళ్ళూ చేతులతో వచ్చే సైనికులకు కావలసిన పట్టీలు, పరికరాలు తయారుచేసే వర్క్‌షాపు బాధ్యత ఆయనకు దక్కింది. లేత్ మిషన్ దగ్గర నిలబడి లోహాన్ని చెక్కడం ఆయనకు కత్తి పట్టుకోవడం అంత ఇష్టం. డాక్టరుగా ఆలోచిస్తూ మెకానిక్‌లా పనిచేసే ఈ అలవాటే తర్వాత ఆయన జీవితాన్ని నడిపించింది.

యుద్ధం ముగిశాక మాంచెస్టర్‌లో సర్ హ్యారీ ప్లాట్ దగ్గర ఎముకల వైద్యంలో చేరారు. మధ్యలో కొన్ని నెలలు ఓస్వెస్ట్రీ ఆస్పత్రిలో పనిచేశారు. ఎముక ముక్కను మరో చోట అతికిస్తే ఎలా పెరుగుతుందో తెలుసుకోవాలని, ఒక సహచరుడిని ఒప్పించి తన కాలి ఎముక మీదే ప్రయోగం చేయించుకున్నారు. చీము పట్టింది. మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రోగి మీద చేసే పనిని ముందు తన మీద పరీక్షించుకునే పట్టుదల అప్పటికే ఆయనలో ఉంది. 1950లో విరిగిన ఎముకలను కోత లేకుండా సరిచేయడం మీద ఆయన రాసిన పుస్తకాన్ని తర్వాతి తరాల ఎముకల డాక్టర్లూ చదివారు.

కిర్రుమన్న కీలు

ఆ రోజుల్లో తుంటి అరిగిపోతే పెద్దగా దారి లేదు. కీలును కదలకుండా బిగించేయడమో, లేక పారిస్‌కు చెందిన జుడె సోదరులు 1946లో మొదలుపెట్టిన ప్లాస్టిక్ బంతిని తొడ ఎముక తలకాయ స్థానంలో అమర్చడమో చేసేవారు. ఆ ప్లాస్టిక్ బంతి వేయించుకున్న ఒకాయన చార్న్లీ దగ్గరికి వచ్చాడు. ఆయన బాధ నొప్పి కాదు, చప్పుడు. కదిలినప్పుడల్లా తుంటి కిర్రుమనేది. భోజనాల బల్ల దగ్గర ఆ చప్పుడు భరించలేక ఆయన భార్య దూరంగా వెళ్ళిపోయేది.

వేరే డాక్టరయితే నవ్వి ఊరుకునేవాడేమో. చార్న్లీ ఆ చప్పుడు వెనక కారణం వెతికారు. చప్పుడు వస్తోందంటే రాపిడి ఎక్కువగా ఉంది. రాపిడి ఎక్కువైతే అడుగు వేసిన ప్రతిసారీ ఆ బలం ఎముకలో దిగిన కాడను కుదిపి వదులు చేస్తుంది. సహజమైన కీలులో మృదులాస్థి మంచు మీద స్కేటింగ్ బ్లేడు జారే దానికన్నా నున్నగా జారుతుందని కొలిచి తెలుసుకున్నారు. మనిషి చేసిన కీలు కూడా అంత సులువుగా జారాలి. ఇదే ఆయన లక్ష్యం.

ఆ లెక్క ప్రకారం మూడు మార్పులు చేశారు. బంతిని బాగా చిన్నదిగా, 22 మిల్లీమీటర్ల పైచిలుకు సైజుకు తగ్గించారు. బంతి చిన్నదైతే దాన్ని తిప్పే రాపిడి బలం తగ్గుతుంది. తుంటి గిన్నెను జారే గుణమున్న ప్లాస్టిక్‌తో చేశారు. లోహపు కాడను, గిన్నెను ఎముకకు పట్టి ఉంచడానికి పళ్ళ డాక్టర్లు వాడే యాక్రిలిక్ సిమెంటును తెచ్చారు. ఈ సలహా ఇచ్చింది మాంచెస్టర్ దంతవైద్య కళాశాలలోని రసాయన నిపుణుడు డెన్నిస్ స్మిత్.

మూడు వందల ఓటములు

గిన్నె కోసం ఆయన ముందుగా ఎంచుకున్నది టెఫ్లాన్. మన దోసె పెనాలకు అంటకుండా పూసేది అదే. ఫలితం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఏళ్ళ తరబడి మంచాన పడ్డవారు నడిచారు. సుమారు 300 మందికి ఈ కీళ్ళు వేశారు.

రెండు మూడేళ్ళు తిరగకముందే టెఫ్లాన్ అరిగిపోవడం మొదలైంది. అరిగి రాలిన పొడి చుట్టూ శరీరం గడ్డలు కట్టి, ఎముకను తినేసింది. నొప్పి తిరిగి వచ్చింది. చార్న్లీ ఆ తప్పును దాచలేదు, మరొకరి మీద నెట్టలేదు. ఆ రోగులను వెనక్కి పిలిచి, పాడైన కీళ్ళను తన చేతులతోనే ఒక్కొక్కటిగా తీశారు. ఆపరేషన్ తర్వాత ఆపరేషన్‌గా తన ఓటమిని తానే కళ్ళారా చూడటం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆయన జీవితంలో అదే అతి చీకటి కాలం.

ఆయన దగ్గర హ్యారీ క్రేవెన్ అనే టెక్నీషియన్ ఉండేవారు. వస్తువులు ఎంత అరుగుతాయో కొలిచే యంత్రాన్ని తయారుచేసింది ఆయనే. 1962లో ఒక సేల్స్‌మన్ బట్టల మిల్లుల మగ్గాల్లో పళ్ళ చక్రాలకు వాడే గట్టి పాలిథిలీన్ ముక్కను తెచ్చాడు. చార్న్లీ దాన్ని గోటితో గీరి చూసి పనికిరాదని పక్కన పడేశారు. క్రేవెన్ మాత్రం వదల్లేదు. చార్న్లీ ఊళ్ళో లేని రోజుల్లో దాన్ని యంత్రంలో పెట్టి రాత్రింబవళ్ళు తిప్పారు. వారాలు గడిచినా అది టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. తిరిగి వచ్చిన చార్న్లీ ఆ కొలతలు చూసి తన మాట వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు కూడా తొందరపడలేదు. రెండు రకాల ప్లాస్టిక్ ముక్కలనూ తన తొడ చర్మం కింద పెట్టించుకున్నారు. నెలలు గడిచాక టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ కట్టింది, పాలిథిలీన్ ఉన్నచోట ఏమీ లేదు. 1962 నవంబరులో పాలిథిలీన్ గిన్నెతో మొదటి ఆపరేషన్ చేశారు. నేటి కీళ్ళ మార్పిడి అంతా ఆ రోజు నుంచి లెక్క.

రైటింగ్టన్ పాఠం

ఈ పని అంతా జరిగింది విగన్ దగ్గర రైటింగ్టన్‌లో, ఒకప్పటి క్షయ ఆస్పత్రిలో. మాంచెస్టర్‌లో పెద్ద పదవి వదిలి, ఒక్క తుంటి మీదే పనిచేయడానికి చార్న్లీ అక్కడికి వెళ్ళారు. 1957లో జిల్ హీవర్‌ను పెళ్ళాడారు. వారికి ఇద్దరు పిల్లలు.

రైటింగ్టన్‌లో ఆయన ఎదుర్కొన్న రెండో శత్రువు చీము. కొత్త కీలు లోపల చీము పడితే దాన్ని తీసేయడం తప్ప మార్గం ఉండేది కాదు. గాలిలోని సూక్ష్మజీవులే కారణమని నమ్మి, గాలి వడకట్టే పరికరాలు చేసే హ్యూ హౌవర్త్‌తో కలిసి ఆపరేషన్ బల్ల చుట్టూ శుద్ధమైన గాలి వచ్చే గదిని కట్టారు. సర్జన్ ఊపిరి బయటికి పోయేలా ప్రత్యేక దుస్తులు తయారుచేశారు. తొలినాళ్ళలో వందలో ఏడుగురికి పైగా వచ్చిన చీము, ఒకరికన్నా తక్కువ మందికి తగ్గింది.

మరో విషయం. తన కీలును ఎవరికి పడితే వారికి అమ్మనివ్వలేదు. లీడ్స్‌కు చెందిన థాక్రే కంపెనీ దాన్ని తయారుచేసేది. రైటింగ్టన్‌కు వచ్చి ఆపరేషన్ నేర్చుకున్న సర్జన్లకే అది ఇవ్వాలని చార్న్లీ ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. వస్తువు ఎంత మంచిదైనా అలవాటు లేని చేతిలో పాడవుతుందని ఆయన నమ్మకం. రోగులను ఏళ్ళ తరబడి పిలిచి చూసేవారు. చనిపోయాక ఆ కీలును పరీక్షించడానికి ఇవ్వమని ముందే వారి అనుమతి అడిగేవారు.

1974లో లాస్కర్ బహుమతి, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి. 1982 ఆగస్టు 5న మాంచెస్టర్‌లో గుండెపోటుతో కన్నుమూశారు.

మన ఇంటికి పనికొచ్చేది

ఇప్పుడు మన ప్రశ్నలకు వద్దాం. తుంటిని చేరడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. వెనక నుంచి వెళ్ళేది ఎక్కువమంది సర్జన్లకు అలవాటైనది. నడకను నిలబెట్టే పక్క కండరాలు దెబ్బతినవు. కీలు జారే అవకాశం మాత్రం కొంచెం ఎక్కువ అనేవారు. లోపలి పొరలను తిరిగి కుట్టే పద్ధతి వచ్చాక అది బాగా తగ్గింది. పక్క నుంచి వెళ్ళే దారిని రైటింగ్టన్‌లోనే పనిచేసిన కెవిన్ హార్డింజ్ 1982లో వివరించారు. ఇందులో కీలు జారడం అరుదు, కొందరికి కుంటి నడక మిగులుతుంది. ముందు నుంచి వెళ్ళే దారిలో కండరాల మధ్య సందులోంచి వెళ్తారు. మొదటి వారాల్లో కోలుకోవడం కాస్త త్వరగా ఉంటుంది. తొడ బయటి వైపు తిమ్మిరి రావచ్చు. నేర్చుకునే దశలో ఉన్న సర్జన్ చేతిలో ఎముక చిట్లే ప్రమాదం ఎక్కువ. ఏడాది గడిచాక చూస్తే మూడు దారుల్లో నడిచినవారికీ పెద్ద తేడా ఉండదు.

కాబట్టి ప్రకటనల్లో కనిపించే దారి కన్నా చేసే చెయ్యి ముఖ్యం. సర్జన్‌ను ఇవి అడగండి: ఏడాదికి ఎన్ని తుంటి ఆపరేషన్లు చేస్తారు, ఎక్కువగా ఏ దారిలో చేస్తారు, ఎంతమందికి చీము పట్టింది, ఎంతమందికి కీలు జారింది, ఆ రోజు కత్తి పట్టేది మీరేనా, రేపు ఇబ్బంది వస్తే చూసేది ఎవరు. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా అంకెలతో జవాబు చెప్పే డాక్టరు చార్న్లీ బాటలో ఉన్నట్టే. తనకు బాగా అలవాటైన దారిని వదిలి మీరు కోరిన దారిలో చేయమని ఏ సర్జన్‌నూ బలవంతపెట్టవద్దు.

మన ఇళ్ళ అలవాట్లు కూడా ముందే చెప్పాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, నమాజులో వంగి కూర్చోవడం, చర్చిలో మోకరిల్లడం, ఊళ్ళో ఇండియన్ టాయిలెట్, ముక్కాలి పీట. వీటిలో ఏది ఎప్పటి నుంచి చేయవచ్చో, ఏది అసలు వద్దో ఒక్కొక్కటిగా అడిగి రాసుకోండి. నమాజు కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. కీలు జారితే మాత్రం మళ్ళీ ఆస్పత్రే గతి.

కొత్తది అనగానే మంచిదని అనుకోకూడదు. లోహం మీద లోహం రాసుకునే ఏఎస్ఆర్ కీళ్ళను డీప్యూ కంపెనీ 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. మన దేశంలో వేలమందికి అవి వేశారు. చివరికి 2018లో కేంద్ర ప్రభుత్వం పరిహారం లెక్క కట్టాల్సి వచ్చింది. అందుకే మీ కీలు పేరు, కంపెనీ, నంబరు ఉన్న స్టిక్కర్‌ను డిశ్చార్జి కాగితాలతో పాటు అడిగి తీసుకుని జీవితాంతం దాచుకోండి. ఏదైనా తేడా వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

కర్ణాటకలో మనం భాషాపరంగా అల్పసంఖ్యాకులం. ఆస్పత్రి కాగితాలు ఇంగ్లీషులో, మాటలు కన్నడంలోనో హిందీలోనో ఉంటాయి. అమ్మకు అర్థం కాని అంగీకార పత్రం మీద కొడుకు హడావిడిగా సంతకం పెట్టేస్తే సరిపోదు. ఆపరేషన్ ఆమెది, కాలు ఆమెది. తెలుగు తెలిసిన డాక్టరో నర్సో ఆస్పత్రిలో ఉంటే పిలిపించి, ఆమెకు ఆమె భాషలో చెప్పించండి. మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం కూడా రోగి హక్కే. తుంటి విరిగితే తప్ప అరిగిన కీలుకు ఆపరేషన్ రేపే చేయాలనే తొందర ఉండదు. ఒకటి రెండు వారాలు ఆలోచించుకోవచ్చు.

చప్పుడు చేసిన ఒక తుంటిని పట్టించుకుని, తన ఓటమిని ఒప్పుకుని, టెక్నీషియన్ మాట విని, ఏళ్ళ తరబడి రోగులను వెనక్కి పిలిచి చూసిన మనిషి జాన్ చార్న్లీ. మన పెద్దవాళ్ళకు సర్జన్‌ను వెతికేటప్పుడు ఆ గుణాలు ఎవరిలో ఉన్నాయో చూద్దాం. ఆయన జయంతి నాడు ఆయనకు అంతకు మించిన నివాళి లేదు.