ముస్తఫా ఆటకు 30 ఏళ్లు: రాక్షసబల్లుల మనసెరిగిన వాళ్లకు ముబారక్

జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ 1993లో ఆ ఆటను 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అనే పేరుతో విడుదల చేసింది. హైదరాబాద్ పాతబస్తీలో ఆ పేరు పెట్టి అడిగినవాళ్లను నేను చూడలేదు. గౌలిపురాలోనైనా, శాలిబండలోనైనా, చాంద్రాయణగుట్టలోనైనా అది ముస్తఫాయే. ఆటలో హీరోలు నలుగురు. జాక్ అన్నిట్లో సమానం, హానా చేతికందిన వస్తువును బాగా వాడుతుంది, మెస్ బలశాలి. పసుప్పచ్చ టోపీ పెట్టుకుని మెరుపులా పరుగెత్తే ముస్తఫా కైరో మాత్రం మన గల్లీలో అందరికీ సొంత మనిషి. బోనాలకు పోతురాజు వెనక పరుగెత్తిన పిల్లలూ, రంజాన్ రాత్రుళ్లు హలీం బట్టీల దగ్గర తిరిగిన పిల్లలూ ఒకే జాయ్‌స్టిక్ మీద చేతులేసి అతన్నే కోరుకునేవారు. 2023తో ఆ ఆటకు 30 ఏళ్లు నిండాయి. ఆటకు శుభాకాంక్షలు చెబుతూనే, దాన్ని ఇన్నాళ్లూ కాపాడుకొచ్చిన అభిమానులకు, ముఖ్యంగా అందులోని రాక్షసబల్లుల తీరును వీడియోల్లో విడమరిచి చూపిస్తున్న వాళ్లకు నిండు మనసుతో అభినందనలు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

వాళ్లు ఎందుకు అభినందనీయులో తెలియాలంటే ఆ బల్లుల సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కొట్లాట ఆటల్లో తెర మీద కనబడ్డ దాదాపు ప్రతిదీ శత్రువే. కనబడితే కొట్టడమే పని. ముస్తఫాలో అలా కాదు. రాక్షసబల్లి ఎవరి పక్షమూ కాదు. కదిలించనంత సేపు దాని మానాన అది ఉంటుంది. దెబ్బ తగిలితే మాత్రం కోపం ఎక్కుతుంది, ఒంటి రంగు మారుతుంది. ఇక హీరో అని లేదు, విలన్ అని లేదు, అడ్డొచ్చినవాణ్ని కొరుకుతుంది. విలన్లేమో వాటిని వేటాడి అమ్ముకునే ముఠా. వాళ్ల వెనక ఉన్న డాక్టర్ ఫెసెండెన్ చివరికి తానే బల్లి రూపంలోకి మారతాడు. ఆటగాడి పని బల్లుల్ని చంపడం కాదు, కాపాడడం. ఈ కథకు మూలం అమెరికన్ చిత్రకారుడు మార్క్ షుల్జ్ గీసిన 'జెనోజోయిక్ టేల్స్' కామిక్. మనిషి ప్రకృతితో సర్దుకుని బతకాలన్నది ఆ కామిక్‌కు ప్రాణం. ఆ ప్రాణాన్ని రెండు బటన్ల ఆటలోకి తీసుకురావడం చిన్న విషయం కాదు.

గేమ్ దుకాణంలో ఆ నీతి మాకెవరూ చెప్పలేదు. వెనక నిలబడి చూసే పెద్ద పిల్లలే గురువులు. తెర మీద ఓ బల్లి ఊరికే నిలబడి ఉంటే, వేళ్లు బటన్ మీదికి పోతుంటే, భుజం మీద చెయ్యి పడేది: "ఛేడో నక్కో మియా, ఉసే ఛేడో నక్కో!" (కదిలించొద్దు, దాన్ని కదిలించొద్దు!) దాన్ని కదపకుండా ముఠావాళ్లను దాని దగ్గరికి లాక్కొచ్చి, వాళ్ల దెబ్బే దానికి తగిలేలా చేసి, పక్కకు తప్పుకోవడం ఉస్తాద్‌ల లక్షణం. అటాక్, జంప్ కలిపి నొక్కితే చుట్టూ ఉన్నవాళ్లంతా ఎగిరిపడతారు, కానీ మన ప్రాణం కొంత కరుగుతుంది. పైగా పక్కన బల్లి ఉంటే దానికీ తగిలి కోపం తెప్పిస్తుంది. ఆ ఒక్క నొక్కుతో మెషిన్‌లో వేసిన బిళ్ల పోగొట్టుకుని మొహం వేలాడేసుకుని ఇంటికెళ్లిన పిల్లలకు లెక్క లేదు. మృగాన్ని చూడగానే చెయ్యి ఆపుకోవడం మాకు అక్కడే అలవాటైంది.

మృగాన్ని చూడడం అన్నాను కదా, పాతబస్తీ పిల్లలకు ఆ భాగ్యం ఎప్పుడూ ఉంది. బహదూర్‌పురాలో, మీరాలం చెరువు పక్కన నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963 అక్టోబర్ 6న తెరుచుకుంది. 2023తో దానికి 60 ఏళ్లు నిండాయి. అటు నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌లో మన తెలంగాణ నేలలో, యామనపల్లి దగ్గర బయటపడ్డ కోటసారస్ అస్థిపంజరం నిలబడి ఉంది. ఆ ఎముకల ముందు నిలబడిన ఏ పిల్లాడైనా మొదట అడిగేది, ఇది ఎలా నడిచేది, ఏం తినేది, కోపమొస్తే ఏం చేసేది అనే. ముస్తఫా అభిమానుల వీడియోలు అదే ప్రశ్నను తెర మీది బల్లి విషయంలో అడుగుతాయి.

ఆటలోని ప్రాణుల తీరును ఇలా విప్పి చూపే విద్యకు ప్రపంచమంతటా పెద్ద పరంపరే ఉంది. అందులో మేటి ఉదాహరణ ప్యాక్‌మ్యాన్ దయ్యాలు. నామ్‌కో కంపెనీలో తోరు ఇవతాని రూపొందించిన ఆ 1980 నాటి ఆటలో నాలుగు దయ్యాలకు నాలుగు స్వభావాలు. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. గులాబీది మనం పోయే దిక్కున 4 గళ్ల ముందుకు గురిపెట్టి దారి కాస్తుంది. నీలిది ఎర్రది ఎక్కడుందో కూడా చూసుకుని గురి కుదుర్చుకుంటుంది. నారింజది 8 గళ్లకు మించి దూరంలో ఉన్నంత వరకే తరుముతుంది, దగ్గరికొచ్చిందంటే తన మూలకు మళ్లిపోతుంది. మనం పైకి వెళ్తున్నప్పుడు ప్రోగ్రాంలోని ఓ పొరపాటు వల్ల గులాబీ దయ్యం గురి 4 గళ్లు ఎడమకు కూడా జరుగుతుంది! 'రెట్రో గేమ్ మెకానిక్స్ ఎక్స్‌ప్లెయిన్డ్' అనే యూట్యూబ్ ఛానెల్ ఇదంతా తెర మీద గీతలు గీసి చూపిస్తే, ఏళ్ల తరబడి ఆడినవాళ్లు కూడా నోరెళ్లబెట్టారు. దయ్యాలకు బుద్ధి ఉందని అందరికీ అనిపించేది, ఆ బుద్ధి ఎంత కొద్ది సూత్రాల్లో ఇమిడిందో అప్పుడు కళ్లకు కట్టింది.

ముస్తఫాకు ఈ సేవ మరింత అవసరం. కారణం బాధాకరమైనది. ఇంట్లో ఆడుకునే యంత్రాల మీదికి ఈ ఆట అధికారికంగా ఇంతవరకూ రాలేదు. కామిక్ హక్కులు వేరొకరివి కావడం దానికి పెద్ద అడ్డంకి అంటారు. పాత మెషిన్ల సంగతి చూస్తే, వాటిలోని బోర్డు మీద ధ్వనిని నడిపే చిప్ తన ప్రోగ్రాంను చదవడానికి కావలసిన రహస్య తాళంచెవి వివరాలను ఓ చిన్న బ్యాటరీ నిలబెడుతుంది. బ్యాటరీ చచ్చిపోతే ఆ వివరాలు చెరిగిపోయి బోర్డు పనికిరాకుండా పోతుంది. అంటే అమ్మేవాళ్లు లేరు, ఉన్న బోర్డులకు ఆయుష్షు తక్కువ. పాత ఆటలను కంప్యూటర్‌లో ఆడించే, 1997లో మొదలైన మేమ్ ఎమ్యులేటరూ, దాన్ని నమ్ముకున్న అభిమానులూ లేకపోతే ముస్తఫా మన కబుర్లలో తప్ప మరెక్కడా మిగిలేవాడు కాదు.

అందుకే వీడియోలు చేసేవాళ్లారా, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒక్క ప్రాణంతో ఆట ముగించిన వీడియోలు గొప్పవే, వాటికి చప్పట్లు కొడతాను. కానీ నాకు మరింత ఇష్టమైనవి తీరిగ్గా సాగేవి. బల్లి తోక ఎప్పుడు కదిలింది, రంగు ఏ దెబ్బకు మారింది, తలను ఎటు తిప్పింది అని ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ ఆపి చూపేవి. గేమ్ దుకాణంలో వెనక నిలబడి భుజం మీద చెయ్యేసిన పెద్ద పిల్లల పనే మీరు చేస్తున్నారు. వాళ్లు గల్లీకి చెప్పారు, మీరు లోకానికి చెబుతున్నారు. మీ కష్టానికి జోహార్లు, మీ ఓపికకు సలాం.

పండగ పూట ఒక కోరిక కూడా అడుగుతాను, కాదనకండి. ఈ వీడియోలకు తెలుగులోనూ, దక్కనీలోనూ మాట జోడించండి. మూడో స్టేజీలో ఎడారిలో క్యాడిలాక్ కారు నడిపే ఘట్టంతో మొదలుపెడితే చూసేవాళ్లకు కొదవుండదు. పిల్లలకు చూపించే పూచీ మాది. ముస్తఫాకూ, మీకూ 30 ఏళ్ల ముబారక్!