చిల్లర కోసం పదేళ్ళు: మాథ్యూ బౌల్టన్

జేమ్స్ వాట్ పేరు తెలియని ఇంజనీరింగ్ విద్యార్థి ఉండడు. ఆయన పక్కనే వినిపించే మాథ్యూ బౌల్టన్‌ని మాత్రం వాట్‌కి పెట్టుబడి పెట్టిన వ్యాపారి అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇంకో పని వల్ల. సామాన్యుడి జేబులో ఉండే రాగి చిల్లరని ఆయన బాగుచేశాడు.

బౌల్టన్ 1728లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. తండ్రిది బకిల్స్, చిన్న చిన్న లోహపు వస్తువులు చేసే వ్యాపారం. కొడుకు దాన్ని పెంచి, ఊరి పక్కన సోహో అనే చోట పెద్ద కర్మాగారం కట్టాడు. 1775లో వాట్‌తో భాగస్వామి అయ్యాడు. వాళ్ళ యంత్రాలు కార్న్‌వాల్ గనుల్లో నీళ్ళు తోడేవి. ఆ గనుల్లో వాటాలు కూడా ఉండటంతో రాగి ధర పడిపోతే ఆయనకీ దెబ్బే. కాబట్టి నాణేల మీద ఆయనకి కలిగిన ఆసక్తిలో స్వార్థం లేదని నేను అనను.

కానీ సమస్య నిజమైనదే. అప్పటి ఇంగ్లాండులో ప్రభుత్వానికి బంగారం, వెండి అంటేనే లెక్క. రాగి నాణేలంటే చిన్నచూపు. లండన్‌లోని రాజ టంకశాల 1775 తర్వాత రాగి కొట్టడమే మానేసింది. ఫ్యాక్టరీలు పెరుగుతున్నాయి, వారం వారం కూలి ఇవ్వాలి, చిల్లర లేదు. ఆ ఖాళీలోకి దొంగ నాణేలు వచ్చిపడ్డాయి. 1771లోనే చట్టం శిక్ష పెంచింది. దొంగలు ఊరుకుంటారా? నాణెం మీద అక్షరాలు కొంచెం మార్చేసి, ఇది రాజుగారి నాణెం కాదు కదా అని తప్పించుకునేవాళ్ళు. 1787లో టంకశాల వాళ్ళే పరీక్ష చేయిస్తే, చెలామణిలో ఉన్న హాఫ్‌పెన్నీల్లో పనికొచ్చేవి దాదాపు 8 శాతమే అని తేలింది! కొందరు యజమానులు దొంగ నాణేలు చవగ్గా కొని కూలీలకి జీతంగా ఇచ్చేవాళ్ళు. కొట్టువాడు తీసుకోనంటే నష్టం కూలీదే. నాకు ఈ కథలో అసలు బాధ అక్కడే కనిపిస్తుంది.

బౌల్టన్ దీన్ని ఇంజనీర్‌లా చూశాడు. దొంగకి లాభం ఎక్కడ వస్తోంది? నాణెంలో ఉన్న రాగి విలువ తక్కువ, దాని మీద వేసిన విలువ ఎక్కువ. ఆ తేడా తగ్గించాలి, పని నాణ్యత పెంచాలి. 1788లో సొంత డబ్బుతో సోహోలో టంకశాల పెట్టాడు. ప్రెస్సులని మనుషుల బదులు ఆవిరి యంత్రం తిప్పేది. నాణెం చుట్టూ ఉక్కు కాలర్ ఉండటంతో ప్రతి నాణెం ఒకే వ్యాసంలో, గుండ్రంగా వచ్చేది.

యంత్రాలు సిద్ధం, ప్రభుత్వం మాత్రం కదల్లేదు. దాదాపు పదేళ్ళు తిరిగాడు. ఈలోగా యంత్రాలు ఖాళీగా ఉండకుండా ప్రైవేటు కంపెనీల టోకెన్లు, ఈస్టిండియా కంపెనీ నాణేలు కొట్టాడు. అందులో మన లింకు ఒకటుంది. 1794లో ఉత్తర సర్కార్ల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, రూపాయిలో 48వ వంతు రాగి నాణేలు సోహోలోనే తయారయ్యాయి. మనం ఇప్పుడు సొమ్ము అనే అర్థంలో వాడే డబ్బు కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే.

1797లో యుద్ధభయంతో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ నోట్లకి బంగారం ఇవ్వడం ఆపేసింది. చిల్లర కరువు ముదిరి, అప్పుడు ప్రభుత్వం బౌల్టన్‌ని పిలిచింది. ఆయన పెన్నీ సరిగ్గా ఒక ఔన్సు, రెండు పెన్నీల నాణెం రెండు ఔన్సులు. పౌను రాగికి 16 పెన్నీలు. మందంగా, వెడల్పు అంచుతో ఉండటంతో జనం వాటికి బండిచక్రాలు అని పేరు పెట్టారు. ఒక షిల్లింగు దాకా వాటిని ఎవరైనా తీసుకోవాల్సిందే అని రాజు ప్రకటన కూడా వచ్చింది.

అయితే మార్కెట్ ఊరుకోలేదు. రాగి ధర పెరిగింది, నాణేలని కరిగించడం లాభమైంది. 1799లో పౌనుకి 18 పెన్నీల లెక్కకి, 1806లో 24కి మార్చాల్సి వచ్చింది. విలువంతా లోహంలోనే ఉండాలనే ఆలోచన నిలబడలేదు. దొంగ నాణేలూ పూర్తిగా పోలేదు. నిలబడింది మాత్రం యంత్రం: ఒకదానికొకటి తేడా లేని కోట్ల నాణేలు. ఇన్నాళ్ళు పట్టించుకోని రాజ టంకశాలే చివరికి తన కొత్త భవనంలో సోహో యంత్రాలు పెట్టించుకుంది.

1809 జనవరిలో మద్రాసుకి సోహో నాణేలు తెస్తున్న అడ్మిరల్ గార్డ్నర్ అనే ఓడ ఇంగ్లాండు తీరం దగ్గరే గుడ్విన్ ఇసుక మేటల్లో మునిగింది. అదే ఏడాది ఆగస్టులో బౌల్టన్ పోయాడు. 1980లలో ఈతగాళ్ళు ఆ ఓడలోంచి లక్షల నాణేలు పైకి తీశారు. మన వైపు సంతల్లో చేతులు మారాల్సిన చిల్లర, ఒక్కసారి కూడా ఖర్చవకుండా 170 ఏళ్ళకి పైగా ఇసుకలోనే ఉండిపోయింది.