బోర్డు ముందు కొట్లాట

మూడో సెమిస్టర్ సి ప్లస్ ప్లస్ ల్యాబ్ వైవాలో ఇరుక్కుపోయాను. ఆకారాల వైశాల్యం లెక్కగట్టే ప్రోగ్రాం. వృత్తానికో కేసు, త్రిభుజానికో కేసు అంటూ స్విచ్ పేర్చుకుంటూ పోయా. కొత్త ఆకారం వస్తే ఎన్నిచోట్ల మార్చాలని మేడం అడిగారు. నోరు పెగల్లేదు. రీవైవా అన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో వర్చువల్ ఫంక్షన్ల గురించి వెతుకుతుంటే తగిలారు క్రిస్టెన్ నీగార్డ్. మా టెక్స్ట్‌బుక్‌లో ఆయన పేరే లేదు!

1926లో ఓస్లోలో పుట్టారు. 1948లో నార్వే రక్షణ పరిశోధన సంస్థలో చేరారు, 1960లో నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌కి మారారు. క్యూలు, రద్దీలు కంప్యూటర్లో నడిపి చూడ్డానికి ఆయనకో భాష కావాలి. ప్రోగ్రామింగ్‌లో దిట్ట ఓలే-యోహాన్ డాల్ తోడయ్యారు. అలా సిమ్యులా పుట్టింది. తర్వాత వంతెన మీది టోల్ గేటు, దాని ముందు లారీలు, బస్సులు కలిసిన వరుస, ఈ ఉదాహరణతో కుస్తీ పడుతూ వాహనాలన్నిటికీ ఉమ్మడిగా ఉండేదాన్ని ఒక్కచోట రాసే దారి పట్టుకున్నారు. 1967 వసంతంలో ఆ సెంటర్లో కొత్తగా చేరిన ఒకరు, పై అంతస్తులో బోర్డు ముందు ఇద్దరు కొట్టుకుంటున్నారని హడలిపోయి చెప్తే, టెలిఫోన్ ఆపరేటర్ కాసేపు చెవొగ్గి విని, కంగారేం లేదు, వాళ్లు సిమ్యులా మాట్లాడుకుంటున్నారని తేల్చేసిందట. మా ప్రాజెక్ట్ బ్యాచ్ గుర్తొచ్చింది.

సిమ్యులా 67లో క్లాసు, సబ్‌క్లాసు, వర్చువల్ ప్రొసీజర్ అన్నీ ఉన్నాయి. స్ట్రౌస్ట్రప్ వాటిని సి ప్లస్ ప్లస్‌లోకి తెచ్చారు. మామూలుగా లోపల జరిగేది ఇంతే: ప్రతి క్లాసుకీ మెథడ్ల అడ్రసులున్న పట్టిక ఒకటి, ప్రతి ఆబ్జెక్టులో ఆ పట్టికకి పాయింటర్. వైశాల్యం మూడో గడి అనుకోండి. వృత్తమైనా త్రిభుజమైనా మూడో గడే, అందులోని అడ్రసే వేరు. ఏది పిలవాలో ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆబ్జెక్టే తేలుస్తుంది, పిలిచేవాడికి అక్కర్లేదు.

నాకు ఇంకా నచ్చింది వేరే. 1970ల్లో నీగార్డ్ లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు, ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్ గురించి తెలుసుకునే హక్కు అక్కడ పనిచేసేవాళ్లదని. 1994లో నార్వే యూరోపియన్ యూనియన్‌లో చేరొద్దన్న ఉద్యమానికీ ఆయనే నాయకుడు. ఓటర్లు వద్దనే అన్నారు.

2001 ట్యూరింగ్ అవార్డు ఇద్దరికీ కలిపి ఇచ్చారు. 2002 జూన్‌లో డాల్ పోయారు. ఆగస్టులో నీగార్డ్.

రీవైవాలో మేడం షట్కోణం అడిగారు. ఒక క్లాసు రాసి, మెయిన్‌లో ఒక లైను కలిపా. పాతది ఏదీ ముట్టుకోలేదు.