హోమన్‌ది మన బ్రాంచే

రాకెట్ల మాట వస్తే చాలు, మన దగ్గర మెకానికల్ వాళ్లూ ఈసీఈ వాళ్లూ ముందుకొచ్చేస్తారు. సివిల్ వాళ్లం మాత్రం శ్రీహరికోటలో ప్రహరీ గోడలు కట్టుకుందాంలే అని మన మీద మనమే జోకులేసుకుంటాం. ఈసారి ఆ జోకు వేసే ముందు వాల్టర్ హోమన్ గురించి కాస్త తెలుసుకోండి. గ్రహాంతర ప్రయాణం గురించి ఏ పుస్తకం తెరిచినా కనిపించే ‘హోమన్ ట్రాన్స్‌ఫర్’ ఆయనదే. ఆయన చదివింది సివిల్.

1880 మార్చి 18న జర్మనీలోని హార్డ్‌హైమ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి డాక్టరు. 1904లో మ్యూనిక్‌లో సివిల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి, వియన్నా, బెర్లిన్ లాంటి నగరాల్లో ఉద్యోగాలు చేసి, 1912లో ఎస్సెన్ నగర పాలక సంస్థలో చేరారు. ఎస్సెన్ అంటే బొగ్గు గనులూ, క్రుప్ ఉక్కు ఫ్యాక్టరీలూ ఉన్న ఊరు. కట్టడాల లెక్కలు సరిచూడటం, సిమెంటూ ఉక్కూ లాంటి సామగ్రిని పరీక్షించడం ఆయన డ్యూటీ. 1920లో ఆహెన్ నుంచి డాక్టరేట్ వచ్చింది. అదీ కాంక్రీటు మీదే!

ఇక ఆఫీసు అయ్యాక ఇంట్లో చేసుకున్న లెక్కలు వేరే. మనిషి వేరే గ్రహానికి వెళ్లి తిరిగి రావాలంటే కనీసం ఎంత ఇంధనం కావాలి? అప్పటికి అంతరిక్షంలోకి వెళ్లిన రాకెట్ ఒక్కటీ లేదు. ఆయన ఊహించుకున్న రాకెట్ చూస్తే ఇప్పుడు మనకు నవ్వొస్తుంది: పైకి పోయేకొద్దీ సన్నబడే మందుగుండు గోపురం, దాని కొసన మనుషులు కూర్చునే గది. సివిల్ ఇంజినీరు కదా, మరి! కానీ లెక్క మాత్రం నవ్వులాట కాదు. వెలువడే వాయువుల వేగం సెకనుకు 2 కి.మీ. అనుకుంటే, ఆ గది బరువుకి వందల రెట్లు మందుగుండు మోయాల్సి వస్తుంది. అంటే ఎక్కడ కొంచెం వేగం ఆదా చేసినా అడుగున టన్నులు తగ్గుతాయి.

అలా వెతికితే దొరికిందే ఆ దారి. ఒక చివర భూమి కక్ష్యను, రెండో చివర అంగారకుడి కక్ష్యను తాకే దీర్ఘవృత్తంలో సగం. సూర్యుడి చుట్టూ తిరిగే భూమితో పాటు మనకు సెకనుకు 29.8 కి.మీ. వేగం ఎలాగూ ఉంది. భూమి ఆకర్షణను దాటే ఖర్చు పక్కన పెడితే, పైన ఇంకో 2.9 కి.మీ. కలిపితే చాలు. తర్వాత ఇంజిన్ ఆపేసుకోవచ్చు, సూర్యుడి ఆకర్షణే తీసుకెళ్తుంది. అక్కడికి చేరాక రెండోసారి వేగం సరిచేసుకోవాలి, అంతే. ప్రయాణం సుమారు 259 రోజులు. అయితే చౌక బేరానికి షరతులుంటాయి. తిరిగి రావడానికి గ్రహాలు సరైన చోటికి వచ్చేదాకా అక్కడే 450 రోజులకు పైగా కాచుకోవాలి. ఎక్కడ అవసరమో అక్కడే స్టీలు వేసి మిగతా చోట్ల తగ్గించే బుర్రకే ఇలాంటి దారి తడుతుందని నా అనుమానం. ఈసీఈ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

1925లో ఇదంతా పుస్తకంగా వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఇంధనం ఖర్చు పెట్టకుండా గాలి ఒరిపిడితోనే వేగం తగ్గించుకోవడం కూడా అందులో ఉంది. మొత్తం ఓడని కిందికి దించకుండా చిన్న వాహనాన్ని మాత్రమే దించాలన్న ఆలోచనా ఆయన చేశారు. దశాబ్దాల తర్వాత అపోలో చంద్రుడి మీద దిగింది ఆ పద్ధతిలోనే. నాసాలో దానికోసం పట్టుబట్టిన జాన్ హూబోల్ట్ చదివింది కూడా సివిలే, కావాలంటే చూసుకోండి.

పేరొచ్చింది, రాకెట్ సంఘంలో సభ్యత్వం వచ్చింది. ఉద్యోగం మాత్రం మారలేదు. నిజానికి అప్పుడు మారడానికి అంతరిక్ష పరిశ్రమే లేదు. తర్వాత జర్మన్ సైన్యం పీనెముండేలో వీ-2 రాకెట్లు తయారు చేసినప్పుడు డబ్బూ, మనుషులూ, ఇంజిన్లూ అన్నీ అక్కడే ఉన్నాయి. హోమన్ అక్కడ లేరు. ఎస్సెన్‌లోనే ఉండిపోయారు. 1945 మార్చి 11న వెయ్యికి పైగా విమానాలు ఆ నగరం మీద బాంబులు కురిపించాయి. ఆ దాడి రోజుల్లోనే ఆయన పోయారు. వారం ఆగితే 65 నిండేవి. తన దారిలో ఒక్క నౌక కూడా వెళ్లడం చూడలేదు.

1960లో నాసా ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి అనువదించి పెట్టుకుంది. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి లేచిన మంగళయాన్, డిసెంబర్ 1న భూమిని వదిలి అంగారకుడి వైపు మళ్లింది దాదాపు ఆ దారిలోనే. గ్రహాల కక్ష్యలు అచ్చమైన వృత్తాలు కావు, ఒకే తలంలోనూ లేవు కాబట్టి 259కి బదులు 300 రోజుల దాకా పట్టి, 2014 సెప్టెంబర్ 24న చేరింది. ఆ ప్రయోగాన్ని అక్టోబర్ నుంచి వారం వెనక్కి జరిపినప్పుడు అందరూ కంగారు పడింది కూడా హోమన్ లెక్క వల్లే: ఆ అవకాశం 26 నెలలకోసారే వస్తుంది. ఆ నెల దాటితే 2016 దాకా ఆగాల్సిందే.